ఫైలా, ఫోల్డరా?

మా ఊరికి రెండు పేర్లు.
స్టేషన్ బోర్డు మీద బీల్ అని ఒకటి, బియెన్ అని ఒకటి,
మధ్యన ఒక ఏటవాలు గీత.
జర్మన్‌లో దారి అడిగితే ఫ్రెంచ్‌లో చెబుతారు,
అయినా ఎవరూ తప్పిపోరు.

ఆ గీతే విండోస్‌లో రెండో పక్కకి వాలుతుంది.
నా జీతం అక్కడ మొదలవుతుంది.

గడియారాల ఫ్యాక్టరీ, నాలుగో అంతస్తు.
ముప్పై ఏళ్ల నమూనా చిత్రాలు పాత లినక్స్ సర్వర్లో.
వాటిని కింది అంతస్తు విండోస్ యంత్రాల్లోకి దించాలి.
అందుకు సీ భాషలో నేను రాసుకున్న చిన్న ప్రోగ్రాం:
తొమ్మిది వందల వరసలు, సగం ఇఫ్‌డెఫ్‌లే.

ఫైళ్లతో పేచీ లేదు. పేచీ అంతా లింకులతో.
సింబాలిక్ లింకంటే ఏముంది, ఒక చీటీ.
"నేను కాదు, అదుగో, అక్కడ"
అంతే రాసి ఉంటుంది.
స్టాట్‌ని పంపితే చీటీని దాటిపోయి
అవతల ఉన్నవాణ్ణి చూసొస్తుంది.
ముందొక ఎల్ తగిలిస్తే
చీటీ దగ్గరే ఆగి చీటీనే చూస్తుంది.
ఒక్క అక్షరం.
దాని మీద ఒక మంగళవారం మొత్తం పోయింది.

రీడ్‌లింక్ చీటీ చదివి పెడుతుంది గానీ
చివర సున్నా పెట్టదు,
మాట ముగించకుండానే గదిలోంచి లేచిపోయే మనిషిలా.
ఆ సున్నా మనమే పెట్టుకోవాలి.
మరిచిపోతే
పక్కింటి మాటలు కూడా ఇందులోవే అనుకుని చదువుకుంటూ పోతాం.

ఒకదాన్నొకటి చూపించుకునే చీటీలూ దొరికాయి.
వాటి వెంట గానుగెద్దులా నలభై చుట్లు తిరిగి
ఇక నావల్ల కాదంది లినక్స్.
దాన్ని తప్పుపట్టలేదు.

విండోస్‌లో చీటీ రాయాలంటే ముందు అనుమతి కావాలి.
అడిగాను, ఇచ్చారు.
కానీ పుట్టించేటప్పుడే అది ఒక ప్రశ్న వేస్తుంది:
నువ్వు చూపించబోయేది ఫైలా, ఫోల్డరా?
లినక్స్ ఈ మాట ఎన్నడూ అడిగి ఎరగదు.
అవతల ఏముందో, అసలుందో లేదో
దానికి పట్టనే పట్టదు.

పదకొండు వేల లింకులు జవాబు చెప్పాయి.
ఒక్కటి చెప్పలేదు.
పేరు 'కొత్త ఎస్కేప్‌మెంట్'.
తేదీ పందొమ్మిదేళ్ల కిందటిది. యజమాని: జకో.
అది వేలు చూపించిన చోట ఏమీ లేదు.
పాత టేపుల్లోనూ లేదు, టేపులు దాచిన అల్మరాలోనూ లేదు.

"తీసి పారెయ్," అంది ఉర్సినా, ఆపిల్ కొరుకుతూ.
తీసెయ్యడానికి ఒక్క వరస చాలు.
రాశాను కూడా.
భోజనానికి వెళ్లొచ్చి చెరిపేశాను.

ఫెర్నాన్ జకో ఇప్పుడు సెంతిమియే లోయలో ఉంటున్నాడు.
ఎనభై రెండేళ్లు.
ఫోన్ ఎత్తేసరికి వెనక రేడియోలో హాకీ ఆట.
నా ముక్కల ఫ్రెంచ్‌లో అడిగాను:
ఆ లింకు చూపించేది ఫైలా, ఫోల్డరా?

చాలాసేపు రేడియో ఒక్కటే మాట్లాడింది.
ఎవరో గోలు కొట్టారు.
"ఏదీ కాదు," అన్నాడు.
"ముందు పేరు పెట్టాను, దారి వేశాను.
గీత రేపు మొదలెడదామనుకున్నాను."
తర్వాత నేనడక్కుండానే,
"ఒక్క కాగితంలో పట్టేది కాదులే అది."

నాకు కావలసిందల్లా ఆ ఒక్క ముక్కే.
ఫోల్డర్ అని గుర్తు పెట్టాను.
పక్కన కారణం రాయబోయి
ఏ భాషలో రాయాలో తేలక
ఆయన పేరు, ఇవాళ్టి తేదీ రాసి వదిలేశాను.

కింది అంతస్తులో ఇప్పుడు
లేని ఫోల్డర్ని చూపించే లింకు ఒకటుంది.
నొక్కి చూశాను. దొరకలేదంది.
సరిగ్గానే చెప్పింది.

ప్రోగ్రాం ముగిసి సున్నా తిరిగిచ్చింది.
సీ భాషలో సున్నా అంటే
తప్పేమీ జరగలేదని.
దీపం ఆర్పి, ఏడింటి బస్సు కోసం పరిగెత్తాను.